మన యింట ఏమి కలదు?

పఠన భాగము: రెండవ రాజులు 4:1–7

మన సంఘములలో అనేక కుటుంబములు అర ఎకరమో, పాడిగేదెనో అమ్మి, ఆ సొమ్ముతో కుమారునికి హైదరాబాదులో చిన్న వ్యాపారము పెట్టింపవలెనని తలంచుచున్నవి. సాగర్ రోడ్డున నగరము చేరువారికి చంపాపేట, ఐ.ఎస్. సదన్, సైదాబాద్ ఎరిగిన తావులే. అక్కడ ఏ వ్యాపారము పెట్టిన మంచిదని మనల నడుగుదురు. కిరాణా కొట్టని ఒకరు, టిఫిను బండియని ఒకరు, సెల్‌ఫోను మరమ్మతని మరియొకరు చెప్పుదురు. కిటకిటలాడు కొట్టును చూచి చెప్పు మాటలివి. మూతపడిన కొట్లను లెక్కించువారు లేరు.

ఎలీషా యొద్దకు వచ్చిన విధవరాలి యిద్దరు కుమారులను అప్పులవాడు దాసులుగా కొనిపోవ వచ్చియుండెను. ప్రవక్త ఆమెకు క్రొత్త వ్యాపారమేదియు సూచింపలేదు. ఇంట ఏమి మిగిలియున్నదో ముందుగా విచారించెను. కొంచెము నూనె ఉండెను. ఇరుగుపొరుగు వారియొద్ద ఆమె ఎరవు తెచ్చినవి వట్టి పాత్రలే. అమ్మినది తన యింటి నూనె. పిమ్మట అప్పు తీర్చి, మిగిలినదానితో పిల్లలును తానును బ్రదికెను. మనలో కొందరు ముందు బ్రదికి, మిగిలినచో అప్పు తీర్చుదుము, మిగులుట అరుదు.

కాబట్టి ఊరివారి సలహాకు ముందు ఇంటివారి చేతులను చూడవలెను. పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్లలతో కలిసి పనిచేసినది తాను నేర్చిన డేరాల పనిలోనే. ఇంట కుట్టుపని తెలిసిన కోడలుండగా, తూకము పట్టనెరుగని కుమారునిచే కిరాణా పెట్టించుట ఏల? కుట్టుమిషను అద్దె గదిలోనే సాగును. పిండివంటలు తెలిసినవారు ఆహార భద్రతా చట్టము ప్రకారము పేరు నమోదు చేయించుకొని, ఇంటనుండియే కొద్దికొద్దిగా అమ్మి చూడవచ్చును. కూరగాయల బేరము తెలిసినవానికి మాదన్నపేట మండి దగ్గరనే యున్నది. అయితే తెల్లవారక మునుపే లేవవలెను. అమ్ముడుపోని ఆకుకూర మరునాటికి పనికిరాదు.

ఇక లెక్క. ఒక కొట్టు అద్దె నెలకు 9,000 రూపాయలు, కరెంటు 1,500, అప్పు వాయిదా 4,500 అనుకొందము. మొత్తము 15,000. ఆదివారము ఆరాధనకై కొట్టు మూయు కుటుంబమునకు పనిదినములు 26 మాత్రమే. దినమునకు సుమారు 577 రూపాయలు వీటికే పోవును. రూపాయికి పది పైసలు లాభముండు సరుకైన, దినమునకు 5,770 రూపాయల అమ్మకము జరిగినగాని ఇంటికి గింజ రాదు. ఆదివారము తెరచిన సరిపోవునుగదా యని మనస్సు అప్పుడే అడుగును. ఆ ప్రశ్నకు జవాబు కొట్టు పెట్టకముందే భార్యాభర్తలు కూర్చుండి చెప్పుకొనవలెను.

అప్పు అసలే వద్దని మేము చెప్పము. 2015లో ఆరంభమైన ముద్ర పథకమున శిశు తరగతి క్రింద 50,000 రూపాయల వరకు పూచీకత్తు లేకయే ఇత్తురు. వీధి వర్తకులుగా నగరపాలక సంస్థ ధ్రువపరచిన వారికి స్వనిధి పథకము కలదు. 2020లో మొదటి అప్పు 10,000 రూపాయలుండగా 2025లో దానిని 15,000 చేసిరి. మొదటి అప్పు సకాలమున తీర్చినవారికే పెద్దది దొరకును. వారపు వాయిదాల అప్పులను మాత్రము మన పల్లెలు మరువలేదు. వ్యాపారమునకని తీసికొని, పాత అప్పులకును పెండ్లిండ్లకును పెట్టిన కుటుంబములెన్నో. తుదకు 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము ఆ వసూళ్లను అదుపుచేయ ఆర్డినెన్సు తేవలసివచ్చెను.

స్థలమును గూర్చియు విచారింపవలెను. గడ్డిఅన్నారం పండ్ల మార్కెటు ఎన్నో యేండ్లు దిల్‌సుఖ్‌నగర్ ప్రక్కన నడచి, 2022 నాటికి విజయవాడ రహదారిపై బాటసింగారమునకు తరలిపోయెను. ఆ మార్కెటు గుమ్మమున టీ అమ్మి బ్రదికినవారి గిరాకీ ఏమైయుండునో ఊహింపుడు. సైదాబాద్ దారిలోను నల్గొండ చౌరస్తా నుండి ఒవైసీ కూడలి వరకు తలపెట్టిన ఉక్కు పైవంతెన కొరకు 2020 తరువాత పనులు సాగినవి. గనుక కొట్టుకు అడ్వాన్సు ఇచ్చుటకు ముందు, రోడ్డు వెడల్పులో ఆ గోడ పోవునా యని నగరపాలక కార్యాలయమున అడుగవలెను. పోయినచో అడ్వాన్సు తిరిగి యిచ్చునట్లు యజమానిచే కాగితముమీద వ్రాయించుకొనవలెను.