జెల్ రాస్తే మొండి పుండు మానుతుందా?

ప్రశ్న: నాన్నగారికి షుగర్. అరికాలి పుండు మూడు నెలలైనా మానలేదు. గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ రాస్తే సరిపోతుందా?

జవాబు: జెల్ ఒక్కటే సరిపోదండి. గాయమవగానే ప్లేట్‌లెట్లు పీడీజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ ప్రోటీన్‌ను వదులుతాయి. అది ఫైబ్రోబ్లాస్ట్ కణాల మీది గ్రాహకాలకు అతుక్కుని వాటిని గాయంలోకి రప్పిస్తుంది. అవి కొల్లాజెన్ అల్లితేనే కొత్త కండ పడుతుంది. మొండి పుండులో మాత్రం ఇన్‌ఫ్లమేషన్ చల్లారదు. మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు మరమ్మతు పనికి మళ్లవు. ప్రోటీయేజ్ ఎంజైములు పేరుకుపోయి ఆ సంకేత ప్రోటీన్లనూ గ్రాహకాలనూ కోసేస్తుంటాయి. అలాంటి చోట పైనుంచి పూసిన మందులో చాలా భాగం వృథాయే.

మరి 1997లో అమెరికా పీడీజీఎఫ్ జెల్‌ను ఎందుకు ఆమోదించిందని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ మందు పనిచేస్తుంది. అయితే దాని ప్రయోగాల్లోనే, చచ్చిన కండను తరచూ తొలగించిన కేంద్రాల్లో పుండ్లు ఎక్కువగా మానాయి. పుండు అంచున తెల్లగా గట్టిపడిన ఆనెను గమనించండి: పాదం మొద్దుబారి నొప్పి తెలియక, అడుగు వేసిన ప్రతిసారీ అక్కడే నలుగుతోందన్నమాట. ముందు కాలి రక్తప్రసరణ పరీక్ష చేయించండి, పుండు శుభ్రం చేయించండి. ప్రసరణ బాగుండి ఇన్ఫెక్షన్ లేకపోతే, బరువు పడకుండా ప్రత్యేకమైన కట్టు వేస్తారు. జెల్ సంగతి ఆ తర్వాతే. పుండు నల్లబడినా, దుర్వాసన వచ్చినా, జ్వరం తగిలినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.