పట్టు – విడుపు

ఓడ పక్కన వేలాడే లైఫ్‌బోటుకు ముందొక కొక్కెం, వెనకొక కొక్కెం. పడవ, అందులో ఎక్కిన మనుషులు, మొత్తం బరువు ఆ రెండింటి మీదే. అవి వాటంతటవి తెరుచుకోకూడదు, తెరవాల్సిన క్షణంలో మొరాయించకూడదు. పైగా రెండూ ఒక్కసారే వదలాలి. ఒకటి వదిలి రెండోది పట్టుకునే ఉంటే పడవ నిలువునా వేలాడి, లోపలివాళ్లు నీళ్లలోకి జారిపోతారు. నిజమైన ప్రమాదాల్లో కాదు, ఉత్తుత్తి విన్యాసాల్లోనే కొక్కెం జారి ఎందరో నావికులు చనిపోయారు. అందుకే అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2011లో నిబంధనలు బిగించింది. ప్రమాణానికి సరిపోని పాత కొక్కేలను 2014 జూలై 1 తర్వాత వచ్చే మొదటి డ్రైడాకింగ్‌లో, ఎంత ఆలస్యమైనా 2019 జూలై 1 లోపు మార్చి తీరాలంది.

ఇదే చిక్కుముడిని తిరుపతి జిల్లా తూర్పు అంచున రాకెట్టు మీద విప్పుతున్నారు. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న శ్రీహరికోట 2022 ఏప్రిల్ 4 దాకా నెల్లూరు జిల్లాది, ఆ తర్వాత తిరుపతి జిల్లాది. మనుషులను రోదసిలోకి పంపే గగన్‌యాన్‌కు ఇక్కడ సిద్ధమవుతున్న లైఫ్‌బోటు పేరు క్రూ ఎస్కేప్ సిస్టమ్. ఓడ మీది పడవను వదిలితే చాలు, బరువే దాన్ని కిందికి దించుతుంది. రాకెట్టు మీది పడవకు ఆ సౌకర్యం లేదు. కింద మండిపోతున్నది వందల టన్నుల ఇంధనం కాబట్టి అది పైకి, పక్కకు, పేలుడు అందుకోలేనంత వేగంగా పారిపోవాలి. అంటే లైఫ్‌బోటుకే సొంతంగా రాకెట్లు కావాలి. ఆ రాకెట్ల పని పొడితో మొదలవుతుంది.

పొడి అంటే అమ్మోనియం పర్క్లోరేట్. చూడటానికి తెల్లటి ఉప్పు. మంటకు కావలసిన ఆక్సిజన్‌ను తనలోనే దాచుకున్న పదార్థం ఇది. కేరళలోని ఆలువా దగ్గర ఇస్రోకు దీని కోసమే సొంత కర్మాగారం ఉంది. పలుకులు రెండు సైజుల్లో కావాలి. ముతకవి సుమారు 300 మైక్రాన్లు, సన్నవి 50 మైక్రాన్ల చుట్టుపక్కల. ముతక పలుకుల సందుల్లో సన్నవి ఇరుక్కుంటేనే తక్కువ చోటులో ఎక్కువ పొడి పడుతుంది. సన్న పలుకులు ఎక్కువైతే మంట జోరందుకుంటుంది, కానీ ముద్ద బిగిసి పోతపోయడం కష్టమవుతుంది. ఈ పొడి తేమను పీలుస్తుంది. ఒకవైపు సరస్సు, ఒకవైపు సముద్రం ఉన్న దీవిలో గాలిని ఆరబెట్టి పని చేయడమే ఒక పెద్ద పని.

పొడికి తోడు అల్యూమినియం పొడి, ఈ రెండింటినీ పట్టి ఉంచడానికి హెచ్‌టీపీబీ అనే చిక్కటి ద్రవ రబ్బరు. ఈ తరహా ఘన ఇంధనంలో నూరు కిలోలకు సుమారు 68 కిలోలు పర్క్లోరేట్, 18 కిలోలు అల్యూమినియం, మిగిలిన 14 కిలోలు రబ్బరు, దాని తోడు రసాయనాలు. ముందు రబ్బరులో అల్యూమినియం కలుపుతారు. తర్వాత పర్క్లోరేట్‌ను విడతలు విడతలుగా వేస్తారు. ఒకేసారి గుమ్మరిస్తే ఉండలు కడుతుంది, ఉండకట్టిన చోట మంట లెక్క తప్పుతుంది. కలిపే పాత్ర గోడల్లో వేడినీళ్లు తిరుగుతూ ముద్దను 40 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంచుతాయి. గాలి బుడగలు మిగలకుండా చివరి దశ శూన్యంలోనే. అన్నిటికన్నా ఆఖర్న రబ్బరును గట్టిపరిచే రసాయనం పడుతుంది. అది పడ్డాక గడియారం మొదలైనట్టే, కొన్ని గంటల్లో పోత అయిపోవాలి. అప్పటికి ముద్ద పొయ్యి మీంచి దించబోయే రాగిసంగటిలా ఉంటుంది, తెడ్డుకు బరువుగా తగులుతూ, ఇంకా జారుతూ.

తెడ్డు పట్టుకునే మనిషి మాత్రం ఇక్కడ ఉండడు. కలిపే యంత్రం ఒక గదిలో, నడిపేవాళ్లు మట్టికట్టల అవతల ఇంకెక్కడో. యంత్రంలోని తెడ్లు తమ చుట్టూ తాము తిరుగుతూ పాత్ర చుట్టూ కూడా తిరుగుతాయి. ఇలాంటి వాటిలో పది టన్నుల ముద్దను ఒకేసారి కలపగలిగేదాన్ని ఇస్రో బెంగళూరులోని కేంద్రీయ తయారీ సాంకేతిక సంస్థతో కలిసి తయారుచేయించుకుంది, అది 2025 ఫిబ్రవరి 13న చేతికందింది. దాని సొంత బరువే 150 టన్నులు. ముద్ద దగ్గరికి వెళ్లాల్సి వచ్చినప్పుడు నూలు బట్టలు, విద్యుత్తును నేలలోకి పంపేసే చెప్పులు వేసుకుంటారు. ఒంట్లో నిలిచిన చిటికెడు స్థిర విద్యుత్తు కూడా ఇక్కడ ప్రాణాంతకం. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోట ఘన ఇంధన కర్మాగారంలో మంట రేగి ఆరుగురు చనిపోయారు. నింగిలోకి దూసుకెళ్లే రాకెట్టును చూసి చప్పట్లు కొట్టేవాళ్లకు ఈ గదులు కనిపించవు.

ముద్దను మోటారు గుల్లలోకి పోస్తారు. గుల్ల లోపలి గోడకు ముందే వేడిని అడ్డుకునే రబ్బరు పొర అతికించి ఉంటుంది. నడుమ ఒక మూస నిలబెడతారు, దాని ఆకారమే ఇంధనం మధ్యలో బోలుగా మిగులుతుంది. ఈ బోలే అసలు విద్య. ఘన ఇంధనం ఉపరితలం మీద మాత్రమే మండుతుంది. కాబట్టి ఒకేసారి ఎంత మేర మండాలో బోలు ఆకారమే నిర్ణయిస్తుంది. ఉపగ్రహాన్ని మోసే పెద్ద మోటారుకు నిమిషం పైన మండే తీరిక ఉంటుంది. తప్పించుకునే మోటారుకు ఆ తీరిక ఎక్కడిది? ఉన్నదంతా ఆరు సెకన్లలో ఖర్చుపెట్టాలి. పోత పూర్తయ్యాక దాదాపు 60 డిగ్రీల వెచ్చదనంలో సుమారు ఐదు రోజులు మగ్గనిస్తారు. గట్టిపడ్డాక మూసను మెల్లగా పైకి లాగి, అంచులు చెక్కి, ఎక్స్‌రే తీస్తారు. లోపల చిన్న పగులు ఉన్నా, గోడకూ ఇంధనానికీ మధ్య వెంట్రుకంత ఎడం ఉన్నా ఆ మోటారును పక్కన పెట్టేస్తారు. పగుల్లోకి మంట దూరితే మండే మేర ఒక్కసారిగా పెరిగి గుల్ల పగిలిపోతుంది.

ఇలాంటి మోటార్లు ఈ వ్యవస్థలో ఐదు రకాలు. తక్కువ ఎత్తులో లాగేది, ఎక్కువ ఎత్తులో లాగేది, దారి మళ్లించేవి రెండు రకాలు, చివరికి ఈ సరంజామానంతా విదిలించేది. వీటిలో తక్కువ ఎత్తు మోటారును 2022 ఆగస్టు 10న శ్రీహరికోటలో నేలకు కట్టి మండించారు. దాని గరిష్ఠ తోపు 842 కిలోన్యూటన్లు, అంటే సుమారు 86 టన్నుల బరువును ఎత్తి పట్టగల బలం. మండే కాలం 5.98 సెకన్లు. ఇది మనుషులు కూర్చునే గదికి పైన ఉంటుంది, కింద ఉన్నదాన్ని లాక్కుపోతుంది. నాజిల్ మామూలుగా తోకన ఉంటే మంట నేరుగా కింద ఉన్న మనుషుల మీదే పడుతుంది. అందుకే నాలుగు నాజిళ్లు పెట్టి, లోపలి వాయువు వెనక్కి మళ్లి పక్కలకు వెళ్లేలా వంచారు. ఆ వంపులో కొంత బలం వృథా అవుతుంది. మనుషులను కాల్చకుండా ఉండటానికి చెల్లించే ధర అది.

ఇంతవరకూ లాగే బలం. ఇక వదిలే పనితనం. ఓడ కొక్కెం ఇనుప పనితనం. మోయాల్సిన బరువుకు ఆరు రెట్లు తట్టుకునేలా చేస్తారు, మూడు నెలలకోసారి పడవను నీళ్లలోకి దింపి చూస్తారు, ఐదేళ్లకోసారి పది శాతం ఎక్కువ బరువు పెట్టి తెరిచి పరీక్షిస్తారు. తేడా ఉంటే విప్పి, గ్రీజు పెట్టి, మళ్లీ బిగిస్తారు. రాకెట్టులో వదిలే పని పైరో పరికరాలది. చిటికెడు పేలుడు మందుతో బోల్టును తెంచే, పట్టీని కోసే, తాడును కత్తిరించే చిన్న సాధనాలివి. లోపల వెంట్రుక లాంటి తీగ ఉంటుంది. కరెంటు పారగానే తీగ ఎర్రబడి, మందు అంటుకుని, కొన్ని మిల్లీసెకన్లలో పని అయిపోతుంది. ఒక తీగ పనిచేయకపోతే ఇంకొకటి, దానికి వేరే దారిలో వచ్చే కరెంటు. ఎక్కడి నుంచో వచ్చే రేడియో తరంగానికో మెరుపుకో పొరపాటున అంటుకోకుండా చివరి ఘడియ దాకా ఆ దారిని తెంచి ఉంచుతారు.

పైరోతో ఉన్న తంటా ఏమిటంటే, పరీక్షించిన ముక్కను మళ్లీ వాడలేం. కాల్చి చూస్తే అయిపోయింది, కాల్చకపోతే పనిచేస్తుందో లేదో తెలియదు. అందుకని ఒకే విడతలో, ఒకే చేత్తో, ఒకే మందుతో చేసిన వాటిలోంచి కొన్నింటిని తీసి వేడిలో, చలిలో, కుదుపులో పెట్టి కాలుస్తారు. అన్నీ సరిగ్గా కాలితే మిగిలినవాటిని నమ్ముతారు, ఒక్కటి మొండికేస్తే విడత మొత్తం అనుమానమే. పైరో పనివాడికి తన చేతిలోని ముక్క మీద ఎప్పటికీ రుజువు దొరకదు, దాని తోబుట్టువుల మీదే దొరుకుతుంది. నాకు ఈ మొత్తం తయారీలో అన్నిటికన్నా కష్టమనిపించిన దశ ఇదే.

రాకెట్టు నుంచి విడిపోయిన గదిని మెల్లగా దించే ప్యారాచూట్లు ఆగ్రాలోని డీఆర్‌డీవో ప్రయోగశాలలో తయారవుతాయి. గదికి మొత్తం పది. పై మూతను లాగేవి రెండు, వేగం తగ్గించేవి రెండు, పెద్దవాటిని బయటికి తీసేవి మూడు, పెద్దవి మూడు. వేగం తగ్గించే డ్రోగ్ ఒక్కోటి 5.8 మీటర్లు, పెద్దది 25 మీటర్లు. పెద్దవి మూడింటిలో రెండు తెరుచుకున్నా గది క్షేమమే. ఉత్తరప్రదేశ్‌లోని బబీనాలో 2022 నవంబరు 18న ఐదు టన్నుల బరువును విమానంలోంచి వదిలి, ఒకటి తెరుచుకోలేదన్న లెక్కతో పరీక్షించారు. ఇక్కడా పట్టు–విడుపే. పెద్ద ప్యారాచూట్ ఒక్కసారిగా విచ్చుకుంటే ఆ కుదుపుకు తాళ్లు తెగుతాయి. అందుకని దాని అంచు చుట్టూ ఒక తాడు బిగించి, నోరు పూర్తిగా తెరవనివ్వరు. ఏడు సెకన్ల తర్వాత చిన్న పైరో కత్తెర ఆ తాడును కోస్తుంది, అప్పుడే గుడ్డ నిండుగా గాలి పీలుస్తుంది.

మోటార్లు, ప్యారాచూట్లు కలిసి మొదటిసారి 2018 జూలై 5 ఉదయం 7 గంటలకు నేల మీది నుంచే ఎగిరాయి. 12.6 టన్నుల ఆ మూటను ఏడు మోటార్లు దాదాపు 2.7 కిలోమీటర్ల ఎత్తుకు ఎత్తాయి. 259 సెకన్లలో అది తీరానికి 2.9 కిలోమీటర్ల దూరంలో నీళ్లలో దిగింది. కానీ ప్రయోగ వేదిక మీద ప్రమాదం ఒక రకం, ధ్వని వేగం దాటి దూసుకుపోతున్నప్పుడు ఇంకో రకం. రెండోదాన్ని చూడటానికి ద్రవ ఇంధనంతో నడిచే వికాస్ ఇంజనుతో ప్రత్యేకంగా 35 మీటర్ల రాకెట్టు కట్టారు. బరువు 44 టన్నులు. వికాస్ తాగే యూడీఎంహెచ్ ఇంధనాన్ని ఎన్నో ఏళ్లుగా తణుకు ఆంధ్రా షుగర్స్ తయారుచేస్తోంది. చక్కెర మిల్లు వాళ్లు రాకెట్టుకు ఇంధనం వండటం గోదావరి జిల్లాల వాళ్లు గర్వంగా చెప్పుకునే ముచ్చట.

ఆ రాకెట్టు ఎగిరిన రోజు 2023 అక్టోబరు 21. ముందు ఉదయం 8 గంటలనుకున్నది వాతావరణం వల్ల జరుగుతూ 8.45కు వచ్చింది. కౌంట్‌డౌన్ 5 సెకన్ల దాకా దిగి ఆగిపోయింది. ఆపింది మనిషి కాదు, కంప్యూటరే. పర్యవేక్షణలో దొర్లిన ఒక తేడాను చూసి అది రాకెట్టును వదల్లేదు. ఆ తేడా సరిచేసి పది గంటలకు వదిలారు. ఎగిరిన ఒక నిమిషానికి, 12 కిలోమీటర్ల దగ్గర, శబ్దం కన్నా 1.2 రెట్ల వేగంలో ప్రమాదం జరిగినట్టు ఆజ్ఞ వెళ్లింది. తప్పించుకునే మోటార్లు మండాయి, 4,520 కిలోల గదిని రాకెట్టు నుంచి ఊడబెరికాయి. జాలీ రెక్కలు విచ్చుకుని గమనాన్ని నిలబెట్టాయి. మరో అర నిమిషానికి, 17 కిలోమీటర్ల దగ్గర, గది ఆ మోటార్లను కూడా వదిలేసింది. ఆ తర్వాత ఒక్కొక్క ప్యారాచూటూ తన వంతు వచ్చినప్పుడు తెరుచుకుంది. తొమ్మిది నిమిషాల లోపు, సెకనుకు 8.5 మీటర్ల వేగంతో, తీరానికి పది కిలోమీటర్ల దూరంలో దిగింది. తూర్పు నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ శక్తి నుంచి ఈతగాళ్లు వెళ్లి పట్టుకున్నారు.

గది నీళ్లలో తలకిందులుగా తేలింది. ఆ ప్రయోగంలో దాన్ని నిటారుగా తిప్పే ఏర్పాటు పెట్టలేదు. ఓడల మీది మూసి ఉండే లైఫ్‌బోట్లకు మాత్రం ఒక నియమం ఎప్పటి నుంచో ఉంది. బెల్టు కట్టుకున్న మనుషులతో బోల్తా పడితే పడవ తనంతట తాను తిరిగి లేవాలి. ప్యారాచూట్ల పరీక్షలు ఆ తర్వాతా సాగాయి. 2025 ఆగస్టు 24న శ్రీహరికోట దగ్గర చినూక్ హెలికాప్టరు మూడు కిలోమీటర్ల ఎత్తు నుంచి దాదాపు ఐదు టన్నుల డమ్మీ గదిని వదిలితే ప్యారాచూట్లు మళ్లీ వరసగా తెరుచుకున్నాయి.

గగన్‌యాన్ కార్యక్రమానికి కేంద్రం 2024 సెప్టెంబరులో సవరించిన మొత్తం ఖర్చు 20,193 కోట్ల రూపాయలు. ఈ లైఫ్‌బోటూ అందులో భాగమే. ప్రపంచంలో ఇలా రాకెట్టు కొసన మోటార్లతో నిలిచే గోపురం మనుషులను లాగి బతికించింది ఒక్కసారి, 1983 సెప్టెంబరు 26న. వేదిక మీదే సోయజ్ రాకెట్టు మండుతుండగా అది తితోవ్, స్ట్రెకలోవ్‌లను పైకి లాగేసింది. మంటకు తీగలు కాలిపోతే రేడియో ద్వారా ఆజ్ఞ పంపాల్సి వచ్చింది, క్షణాల్లో రాకెట్టు పేలింది. 2018 అక్టోబరు 11న సోయజ్ ప్రమాదం జరిగే వేళకు గోపురాన్ని అప్పటికే వదిలేశారు, తొడుగు మీదున్న మోటార్లే ఆదుకున్నాయి. శ్రీహరికోట నుంచి మనుషులు ఎగిరే రోజున అంతా సవ్యంగా సాగితే జరిగేదీ గోపురాన్ని ఇలా వదిలేయడమే. ఐదోరకం మోటారు మండి, మిగతావాటిని వాడకుండానే రాకెట్టు నుంచి లాగి బంగాళాఖాతంలో పడేస్తుంది.