పాత విద్యుత్ పరికరముల భారము ఎవరిది?

పాడైన రేడియో, పగిలిన టెలివిజన్, పనిచేయని సెల్‌ఫోను ఇంటి గడప దాటినంత మాత్రమున మాయమగునవి కావు. 2022లో ప్రపంచమున ఇట్టి వ్యర్థములు 6 కోట్ల 20 లక్షల టన్నులు పోగుపడగా, సక్రమముగా సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చినది 22.3 శాతము మాత్రమే. వీనిలో సీసము, పాదరసము వంటి విషపదార్థములు కలవు. వానిని క్షేమముగా వేరుచేయుటకు వ్యయమగును. ఆ వ్యయమును భరింపవలసిన వారెవరో విచారింతము.

లోకమున ముఖ్యముగా మూడు పద్ధతులు కానవచ్చుచున్నవి. మొదటిది, కొనునపుడే రుసుము చెల్లించుట. కాలిఫోర్నియాలో 2005 నుండి టెలివిజన్, కంప్యూటర్ తెరలపై దుకాణముననే దీనిని వసూలు చేయుచున్నారు. రెండవది, పారవేయునపుడు చెల్లించుట. జపానులో 2001 నుండి రిఫ్రిజిరేటర్, టెలివిజన్ వంటివాటికి ఈ పద్ధతి అమలులో నున్నది. మూడవది, ఉత్పత్తిదారుని బాధ్యత. స్వీడన్‌కు చెందిన థామస్ లిండ్‌క్విస్ట్ 1990లో ప్రతిపాదించిన ఈ సూత్రమును ఐరోపా 2002 నాటి ఆదేశముతో ఈ పరికరములకు వర్తింపజేసినది.

జపాను పద్ధతి మన దేశమున పొసగదు. పాత సామానులవాడు ఎదురు సొమ్మిచ్చి కొనుచుండగా, రుసుము చెల్లించి పారవేయువారెవరు? అయితే ఆ సామాను ఢిల్లీలోని సీలంపూర్ వంటి చోట్లకు చేరి, రాగి కొరకు తీగలను కాల్చు నిరుపేదల చేతబడుచున్నది. మనము చెల్లింపని మూల్యమును వారి ఊపిరితిత్తులు చెల్లించుచున్నవి.

కనుకనే మన ప్రభుత్వము 2012 నుండి ఉత్పత్తిదారుని బాధ్యతను చట్టబద్ధము చేసినది. 2023 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన నిబంధనల ననుసరించి, వారు తొలి రెండేండ్లు 60 శాతము, 2027-28 నుండి 80 శాతము లక్ష్యమును పూర్తిచేయవలెను.

ఉత్పత్తిదారుడు ఆ వ్యయమును ధరలో కలిపివేయడా యని కొందరందురు. నిజమే. కాని వస్తువును అనుభవించినవాడు చెల్లించుట, దానిని ఎన్నడును అనుభవింపని కూలివాడు చెల్లించుటకంటె న్యాయము కాదా? పైగా వస్తువును సులభముగా విప్పదగినట్లు, విషము తక్కువగునట్లు రూపొందింపగలవాడు ఉత్పత్తిదారుడొక్కడే. అయితే శుద్ధికేంద్రము పాత సామానులవానికంటె మంచి ధర ఈయనిచో చట్టము కాగితముననే నిలుచును. ఆ కూలివారికి శిక్షణయు, రక్షణయు కల్పించుట కూడ ఈ వ్యయములో భాగమే కావలెను.

వేయి పరికరములకు తక్కువ కాకుండ వాడు సంస్థలు వ్యర్థములను నమోదైన వారికే అప్పగింపవలెనని నిబంధన. అంతకంటె చిన్న కళాశాలను చట్టము నిర్బంధింపకపోవచ్చును. అయినను ప్రయోగశాలలోని పాత కంప్యూటర్లను వేలమున ఎక్కువ పాడినవానికి ఇచ్చుటయా, కొంత తక్కువ వచ్చినను నమోదైన కేంద్రమునకు ఇచ్చుటయా? ఆ వ్యత్యాసమే మన వంతు చెల్లింపు. విద్యార్థులును, కళాశాల సంఘమును కలిసి దీనిని ఆలోచింతురుగాక.