కట్టర్ మిషన్ చేత చెక్క కోయిస్తున్న అల్లుడికి



పర్చూరు చుట్టుపక్కల ఏ కొత్త ఇంట్లో కబోర్డుల పని జరుగుతున్నా ముందు చెవిన పడేది నాలుగంగుళాల కట్టర్ మిషన్ మోత. పాలరాయి, టైల్సు కోయడానికి తయారైన మిషన్ అది. రాయి బ్లేడు విప్పి పళ్ల బ్లేడు బిగించి ప్లైవుడ్ మీద నడపడం మన వడ్రంగుల తెలివి. ధర తక్కువ, బరువూ తక్కువ. కొందరైతే దాన్ని తలకిందులుగా బల్ల కింద బిగించి, బ్లేడు పైకి తేల్చి, టేబుల్ సా చేసేస్తున్నారు. ఆ తెలివి నీకూ ఉంది. దానికి ఇంకొంచెం పదును పెట్టాలనే ఈ ఉత్తరం.

మిషన్ చేత దాని పని కాని పని చేయించేముందు ఒకటి చూసుకో: ఈ పని కోసమే పుట్టిన మిషన్‌లో ఉన్నదేమిటి, నీ చేతిలోని దాంట్లో లేనిదేమిటి?

చెక్క కోసే సర్క్యులర్ సా ఖాళీగా తిరిగితే నిమిషానికి దాదాపు 5,000 చుట్లు. కట్టర్ మిషన్ 12,000 దాటిపోతుంది. సర్క్యులర్ సాకు కింద స్ప్రింగు మూత ఉంటుంది, కోత అయి పైకెత్తగానే పళ్లను కప్పేస్తుంది. కట్టర్‌కు పైసగమే మూత. రాయి బ్లేడు రాతిని అరగదీసుకుంటూ పోతుంది, దానికి కోరపళ్లుండవు కాబట్టి ఆ మూత చాలింది. పళ్ల బ్లేడు అలా కాదు, చెక్కలో బిగుసుకుందంటే మిషన్ ఎగిరి మనిషి మీదికే వస్తుంది. అందుకే బ్లేడు మీద అచ్చేసిన వేగం మిషన్ వేగానికి తక్కువ ఉంటే అది కొనొద్దు. షీటుకు రెండువైపులా ఆసరా పెట్టు, కోత గాడి మూసుకుపోకుండా. బ్లేడు షీటు కింద కాస్త మాత్రమే దిగాలి. తిరగడం ఆగేదాకా మిషన్ కింద పెట్టకు, భుజాన తుండుగుడ్డ ఉంచుకోకు. బల్ల కింద బిగించావంటే బ్లేడు వెనక గాడిని తెరిచి ఉంచే చీలిక రేకు, పైన మూత, చేతికందే స్విచ్ ఉండాల్సిందే. ట్రిగ్గర్‌కు టేపు చుట్టి నడిపే బల్ల దగ్గర పనిచేయనని మేస్త్రికి మొహమాటం లేకుండా చెప్పు.

ఇలాంటి ఆలోచన ఎంత దూరం పోగలదో చూడాలంటే అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక వెళ్లు. వరాహ నది ఒడ్డు ఊరు. అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటికి చెట్ల రంగులను మళ్లీ తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మన వైపు మంచం కోళ్లు తరిమెన పట్టినట్టే అక్కడ అంకుడు కర్రను ఉలితో గుండ్రంగా తీస్తారు. తీశాక తరిమెనను ఆపరు. తిరుగుతున్న బొమ్మకు రంగు లక్క కడ్డీని అదిమి పెడతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకు అదిమితే అద్దంలా మెరుస్తుంది. చెక్క చెక్కే యంత్రమే పొయ్యి, అదే కుంచె. లక్క మెత్తబడే వేడి తక్కువ కనుక అక్కడ అదనంగా ఏదీ సమకూర్చనక్కర్లేకపోయింది.

డ్రిల్లు సంగతి వేరు. పేద దేశాల ఆసుపత్రుల్లో ఎముకల ఆపరేషన్లకు మామూలు హార్డ్‌వేర్ డ్రిల్లులు వాడతారు. పరికరాలను శుద్ధి చేసే ఆసుపత్రి ఆవిరి వేడికి ఆ డ్రిల్లుల మోటారూ బ్యాటరీ నిలవవు. కెనడాలో ఆర్బ్యూటస్ మెడికల్ సంస్థ వాళ్లు ఆవిరితో శుద్ధి చేయగల తొడుగు తయారుచేసి డ్రిల్లును అందులో పెట్టారు. లేనిదాన్ని సమకూర్చడమంటే ఇదే.

సాండర్‌తోనూ ఇలాంటి పని ఉంది. సిమెంటుతో కుండీలు, పలకలు పోసేటప్పుడు కాగితం తీసేసిన సాండర్‌ను అచ్చు చెక్కకు బయటినుంచి ఆనించు. ఆ అదురుకు గాలి బుడగలు పైకి తేలిపోతాయి, అచ్చు విప్పాక ముఖం నున్నగా ఉంటుంది. కానీ దానికి నీటినుంచి రక్షణ లేదు. లైనుకు కరెంటు లీకైతే ఆపేసే ఆర్‌సీసీబీ లేకుండా, తడి చేతుల్తో మాత్రం పట్టుకోవద్దు.

పొలం పనికి పనికొచ్చేది బ్లోయర్. పొట్టు ఊదే ఆ మిషన్‌తో కోతల తర్వాత ట్రాక్టర్ రేడియేటర్ శుభ్రంగా వస్తుంది. ఇంజన్ చల్లారాక, ఇంజన్ వైపునుంచి బయటికి ఊదాలి. ముందునుంచి ఊదితే చెత్త రెక్కల్లోకి ఇంకా దిగబడుతుంది. పత్తి నిలవున్న కొట్టంలోకి మాత్రం దాన్ని తీసుకుపోకు. ఈ చేతి మిషన్లలో చాలావాటికి కార్బన్ బ్రష్షులుంటాయి. అవి తిరిగేటప్పుడు లోపల నిప్పురవ్వలు రాలుతుంటాయి. దూది నూగుకు ఒక్క రవ్వ చాలు. మిరప కల్లంలోనూ వద్దు, కారణం నీకు వేరే చెప్పాలా, ఆ ఘాటుకు చుట్టుపక్కల నలుగురూ దగ్గి చస్తారు.

జీవామృతం డ్రమ్ములో డ్రిల్లుకు కడ్డీ బిగించి తిప్పుదామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. రెండొందల లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి, అంతేగా. పూటకోసారి కర్రతో కాసేపు తిప్పితే కలిసిపోతుంది. డ్రిల్లును గోడ పుట్టీ కలపడానికి ఉంచు, అదీ తక్కువ వేగంలో. పుట్టీ చిక్కబడి మోటారు వేడెక్కితే కాసేపు ఆపు.

ఉంటాను. బ్లేడు కొనేటప్పుడు పాత బ్లేడు వెంట తీసుకెళ్లు, నడిమి బెజ్జం కొలత సరిపోవాలి.

మీ మామయ్య
పర్చూరు