చెయ్యి లేవకముందు

పాఠ్యభాగము: ఆదికాండము 4:1-16, మత్తయి 5:21-24



హత్య దుర్మార్గుల పనియని, ఈ పాఠము మనకు కాదని తలంచుదుము. అయితే లేఖనములోని మొదటి నరహంతకుడు బందిపోటు కాడు; దేవునికి అర్పణ తెచ్చిన రైతు. చనిపోయినవాడు అతని తోడబుట్టినవాడే.

1. మూలము: హేబెలు అన్నకు ఏ కీడును చేయలేదు. తమ్మునికి కలిగిన మేలే కయీనుకు అవమానముగా తోచెను. సౌలు దావీదును ఓర్వలేకపోయినదియు ఇట్లే (1 సమూయేలు 18). పొరుగువాని తోటమీది ఆశ అహాబు ఇంట నాబోతు చావుకు కారణమాయెను (1 రాజులు 21). తన పాపము బయలుపడునను భయముచేత దావీదు ఊరియాను చంపించెను (2 సమూయేలు 11). అసూయ, ఆశ, భయము: ఈ మూడును మన యిండ్లలోను ఉన్నవి.

2. నేటి సాక్ష్యము: 2022లో మన దేశమున 28,522 హత్య కేసులు నమోదైనట్లు జాతీయ నేర రికార్డుల బ్యూరో తెలిపినది. లాభము కొరకు జరిగినవి 1,884, పగవలన 3,761, తగాదాలవలన 9,962.

3. నడుమనున్న సమయము: కయీను కోపమునకును పొలములో జరిగిన దానికిని నడుమ దేవుడు వచ్చి అతని నడిగెను, హెచ్చరించెను. కయీను బదులు చెప్పినట్లు వ్రాయబడలేదు. మనసులోనిది దేవునితో చెప్పుకొనక, తమ్మునితో పొలమునకు పోయెను.

మా సంఘములో ఇద్దరు అన్నదమ్ములు గట్టు తగాదావలన రెండేండ్లు మాటలాడుకొనలేదు. ఇద్దరికిని మేము సంస్కారపు రొట్టె ఇచ్చుచునే యుంటిమి, సంగతి అడుగలేదు. ఒక సాయంకాలము చేనిలో పార లేచెను. దెబ్బ భుజమునకు తగిలెను గనుక ప్రాణము దక్కెను. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో, కయీనును తమ్మునిగూర్చి దేవుడడిగిన ప్రశ్న మమ్మునే అడిగినట్లుండెను. పార ఎత్తినవాడు ఒకడే గాని, ఊరకుండినవారము అనేకులము.

4. మనము చేయవలసినది: అర్పణను బలిపీఠము నొద్దనే విడిచి ముందు సహోదరునితో సమాధానపడుమని ప్రభువు ఆజ్ఞ. పొద్దు గ్రుంకకముందే మాటలాడుడి. మాట పెగలనియెడల పెద్దలను వెంట తీసికొని పొండు. చంపుదునని ఎవడైనను బెదరించినయెడల, పరువు పోవునని దాచక పెద్దలకును పోలీసులకును తెలుపుడి.

ఆలోచించుడి:
(1) ఎవరి మేలు విన్నప్పుడు నా ముఖము చిన్నబోవును?
(2) మన సంఘములో ఎవరెవరికి మాటలు లేవు? వారియొద్దకు ఎవరు పోవుదురు?

వచ్చే సంస్కారపు ఆదివారమునకు ముందే పోవుదము.