వేదికను మార్చిన పిల్లలు

2024 మే 30 రాత్రి, మేరీలాండ్‌లోని నేషనల్ హార్బర్. అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీ టైబ్రేకర్‌కి చేరింది. గడువు 90 సెకన్లు. పదం వినాలి, అక్షరాలు గడగడా చెప్పాలి, బజర్ నొక్కి తర్వాతి పదం అందుకోవాలి. ఊపిరి తీసుకునే తీరిక కూడా ఉండదు. ఫ్లోరిడా నుంచి వచ్చిన పన్నెండేళ్ల బృహత్ సోమ 30 పదాలకు 29 సరిగ్గా చెప్పాడు. టెక్సస్ కుర్రాడు ఫైజాన్ జాకీ 20 చెప్పాడు. ఒకరి కుటుంబానిది నల్లగొండ, మరొకరిది హైదరాబాద్.

మనవాళ్ల బుర్రలు చురుకైనవని మురిసిపోవడం తేలిక. అక్కడితో ఆగితే అసలు సంగతి చేజారిపోతుంది.

ఆ సంగతి అర్థం కావాలంటే ఒక పాత ప్రయోగం గుర్తు చేసుకోవాలి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1961లో 72 మంది పసిపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. గాలి నింపిన బోబో బొమ్మను ఒక పెద్దమనిషి కొడుతుంటే చూసిన పిల్లలు, అచ్చం అలాగే కొట్టారు. ఈ కథ చాలామందికి తెలుసు. 1965 నాటి ప్రయోగం అంతగా తెలియదు, నిజానికి అదే విలువైనది. బొమ్మను కొట్టినవాడికి శిక్ష పడటం చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. కానీ చేసి చూపిస్తే బహుమతి ఇస్తామనగానే వాళ్లూ మిగతావాళ్లంతగా చేసి చూపించారు! అంటే నేర్చుకున్నారు, బయటపెట్టలేదంతే. చూసినదానికీ చేసినదానికీ మధ్య ఆలోచన ఉందన్నమాట. పరిసరాలు, ఆలోచన, ప్రవర్తన - ఈ మూడూ ఒకదాన్నొకటి మలుస్తాయని బండూరా తర్వాత సూత్రీకరించారు.

స్పెల్లింగ్ బీలో ఆ పరస్పర ప్రభావాలన్నీ కళ్లకు కడతాయి. 1985లో బాలు నటరాజన్ గెలిచాడు. 1999లో టాంపా అమ్మాయి నూపుర్ లాలా గెలిచింది, 2002లో వచ్చిన ‘స్పెల్‌బౌండ్’ డాక్యుమెంటరీలోనూ కనిపించింది. తమలాంటి పేరున్న పిల్ల ట్రోఫీ ఎత్తడం చూసిన ప్రవాస భారతీయుల ఇళ్లలో ‘మనమూ చేయగలం’ అన్న నమ్మకం పుట్టింది. నమ్మకం ఒక్కటే చాలదు కదా, సాధనకు చోటు కావాలి. చిట్టూరి రత్నం 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ ఆ చోటు కల్పించింది. అక్కడ వారాంతాల్లో పోటీలు నడిపేది ఎక్కువగా తల్లిదండ్రులే.

‘వాతావరణం బాగుంటే పిల్లలు వాళ్లే బాగుపడతారు’ అనే తల్లిదండ్రులున్నారు. ‘పట్టుదల ఉంటే చాలు’ అనేవాళ్లూ ఉన్నారు. రెండూ సగం నిజాలే. ఫౌండేషన్ పోటీలు నడిపే తల్లిదండ్రులు మంచి వాతావరణం కోసం ఎదురుచూడలేదు. శనివారం పొద్దున్నే బల్లలు సర్దారు.

పిల్లల సాధన చివరికి పోటీనే మార్చేసింది. 2019లో ఎనిమిది మంది ఉమ్మడి విజేతలయ్యారు, వాళ్లలో ఏడుగురు భారతీయ మూలాలున్నవాళ్లే. నిర్వాహకుల దగ్గర వాళ్లను నిలువరించే పదాలు మిగల్లేదు. దాంతో 90 సెకన్ల టైబ్రేకర్ నిబంధన వచ్చింది. బృహత్ ఆ 90 సెకన్ల కోసమే ముందుగా సాధన చేసి వచ్చాడు. పిల్లలు నియమాన్ని మార్చారు, ఆ నియమం మరో పిల్లాడి దినచర్యను మార్చింది.

ఫైజాన్ 2019లో ఏడేళ్లప్పుడే ఆ వేదిక ఎక్కాడు. 2024 ఓటమి తర్వాత, 2025లో మళ్లీ వచ్చాడు. గెలుపు అంచున ‘కమెలైనా’ అనే పదానికి, అర్థమైనా అడగకుండా తొందరపడి అక్షరాలు మొదలుపెట్టాడు. నోటి నుంచి వస్తుండగానే తప్పని తెలిసిపోయింది. పోటీ కొనసాగింది. చివరికి ‘తేటతెల్లం చేయడం’ అనే అర్థమున్న ఒక ఫ్రెంచి పదం వచ్చింది. అప్పుడూ ప్రశ్నలేమీ అడగలేదు. ఈసారి ఒక్క అక్షరమూ తప్పలేదు. చెప్పడం అయిపోగానే వేదిక మీదే వాలిపోయాడు.