మొదటి లారీ రాకముందే: గోదాము అరుగును సీజన్‌కు సిద్ధం చేయడం ఎలా?

సాగర్ ఎడమ కాలువ కింద హార్వెస్టర్లు పొలాల్లోకి దిగిన వారం తిరగకముందే మిర్యాలగూడ మిల్లుల దారిలో ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరతాయి. పచ్చి ధాన్యం ఒక్కసారిగా పోటెత్తి, రైతులకు టోకెన్లు ఇచ్చి కోతలను విడతలుగా నడిపించాల్సి వచ్చిన సీజన్లూ ఉన్నాయి. ఆ రద్దీలో గోదాము అరుగు మీద కన్వేయర్ బెల్టు తెగినా, కాంటా మొరాయించినా నష్టం గేటు దగ్గర ఆగదు. వెనుక లారీలు నిలిచిపోతాయి. కొనుగోలు కేంద్రాల్లో బస్తాలు పేరుకుంటాయి. కల్లంలో కుప్పకు కాపలా ఉన్న రైతు మరో రాత్రి అక్కడే పడుకోవాల్సి వస్తుంది.

మిల్లు గోదాములోనో, గిడ్డంగిలోనో లోడింగ్, అన్‌లోడింగ్ బాధ్యత మొదటిసారి తీసుకున్నవారి కోసం ఈ సూచనలు. ఇందులో పెద్ద ఖర్చు లేదు. కావలసిందల్లా ముందుచూపు, ఓపిక, ఒక నోటుబుక్కు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

సీజన్‌కు కనీసం మూడు వారాల ముందు. వానాకాలం వరి అక్టోబరు చివరి నుంచి జోరందుకుంటుంది కనుక దసరా నాటికి మరమ్మతులు పూర్తి కావాలి. యాసంగికైతే శివరాత్రి దాటగానే పని ప్రారంభించండి. ఆలస్యమైతే మెకానిక్కు, మోటారు వైండింగ్ చేసేవారు అందరికీ ఒకేసారి కావలసివస్తారు.

1. అరుగును అంగుళం అంగుళం చూడండి

ముందు శుభ్రంగా ఊడ్పించి, నీళ్లతో కడిగించండి. దుమ్ము పోతేనే పగుళ్లు బయటపడతాయి. బస్తా మోసేవారి కాలు తట్టుకునే గుంత ఎంత చిన్నదైనా సిమెంటుతో పూడ్పించండి. లారీ వెనక్కి వచ్చి ఆనే అంచుకు పాత టైర్లు గట్టిగా బిగించండి. కడిగిన నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో గమనించండి, రేపు వాన నీళ్లు నిలిచేదీ అక్కడే.

అరుగుకూ లారీకీ మధ్య వేసే చెక్క పలకను ప్రత్యేకంగా పరీక్షించండి. పగిలినది, చెదలు పట్టినది, మేకులు పైకి తేలినది ఉంటే అతికించే ప్రయత్నం చేయకండి, మార్చేయండి. కాలు జారకుండా పలక మీద అడ్డపట్టీలు ఉండాలి. లారీ కదలకుండా చక్రాల కింద పెట్టడానికి గట్టి చెక్క దిమ్మెలు జతలుగా సిద్ధం చేసుకోండి. రాత్రి పని తప్పదు కాబట్టి అరుగు మీదే కాక లారీ తొట్టి లోపలికీ వెలుగు పడేలా లైట్లు అమర్చండి.

2. కన్వేయర్‌కు విశ్రాంతి కాలంలోనే వైద్యం

ముట్టుకునే ముందు మెయిన్ ఆపి, ఫ్యూజు క్యారియర్ తీసి మీ జేబులో పెట్టుకోండి. ఎవరో తెలియక స్విచ్ వేస్తే బెల్టులో చెయ్యి పోతుంది. ఈ ఒక్క అలవాటు మీ గోదాములో అందరికీ నేర్పండి.

తర్వాత బెల్టు జాయింటు, అంచుల పీచు చూడండి. రోలర్లను ఒక్కొక్కటిగా చేత్తో తిప్పండి. బిగుసుకున్నది, గరగరలాడేది ఉంటే బేరింగు మార్పించండి. గ్రీజు పెట్టాక, కారినదాన్ని గుడ్డతో తుడిచేయండి, లేదంటే దాని మీద ఊక దుమ్ము పేరుకుంటుంది. వేడెక్కిన మోటారుకు ఆ దుమ్ము తోడైతే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. ఎలుకలు కొరికిన వైర్లు, తెగిన ఎర్తింగు ఉన్నాయేమో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. చివరగా అరగంట ఖాళీగా, మరో అరగంట నిండు బస్తాలతో నడపండి. బెల్టు ఒక పక్కకు జరుగుతుంటే అప్పుడే సరిచేయించండి. అదనపు బెల్టు ముక్క, రెండు బేరింగులు, ఫ్యూజు వైరు స్టోరులో ఉంచుకోండి.

3. కాంటా: ఇక్కడే నమ్మకం నిలుస్తుంది

తెలంగాణ కొనుగోళ్లలో ధాన్యం బస్తా 40 కిలోలు. బస్తాకు 200 గ్రాముల తేడా పెద్దదిగా కనిపించదు. 500 బస్తాల లారీకి అది 100 కిలోలు, అంటే క్వింటాలు. 2025-26లో ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఒక్క లారీలో ఎవరో ఒకరు అంత పోగొట్టుకున్నట్టే. తరుగు పేరుతో ఇప్పటికే నలిగిన రైతుకు మన కాంటా మరో దెబ్బ కాకూడదు.

ఎలక్ట్రానిక్ కాంటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర 12 నెలలకోసారి వేయించాలి. గడువు చూసుకుని ముందే దరఖాస్తు చేయండి. మరమ్మతు చేయిస్తే మళ్లీ ముద్ర తప్పనిసరి. ప్రతి ఉదయం మీరు చేయాల్సిన పరీక్ష తేలికైనదే. కాంటాను సమతలంగా పెట్టి, సున్నా చూసి, ముద్ర ఉన్న 20 కిలోల తూకం రాయిని మధ్యలో, ఆపై నాలుగు మూలల్లో పెట్టండి. అన్నిచోట్లా ఒకే అంకె రావాలి. ధర్మకాంటా ఉంటే వాన తర్వాత గుంతలో నీళ్లు, మట్టి తీయించండి. ఒకే లారీని ముందు, మధ్య, వెనుక నిలిపి తూచి చూడండి. అంకెలు కనిపించే తెర రైతు వైపు, డ్రైవరు వైపు తిప్పి ఉంచండి.

4. తేమ యంత్రం

మద్దతు ధరకు ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. కొనుగోలు కేంద్రంలో 17 చూపిన ధాన్యం మిల్లు దగ్గర 19 చూపితే లారీ ఆగుతుంది, తగాదా మొదలవుతుంది. అందుకే సీజన్‌కు ముందే ఒకే నమూనాను మీ యంత్రంలో, మీకు ధాన్యం పంపే కేంద్రాల యంత్రాల్లో పరీక్షించి, తేడా ఉంటే సరిచేయించండి. బ్యాటరీలు కొత్తవి వేయండి. ఎండలో వేడెక్కిన గింజలను నీడలో చల్లారనిచ్చాకే కొలవండి. నమూనాను ఒక్క బస్తా నుంచి కాకుండా పలు బస్తాల నుంచి తీయండి.

5. నెట్టు కట్టే చోటు, పట్టాలు

బస్తాలు నేల మీద పెట్టవద్దు, చెమ్మ ఎక్కుతుంది. కింద చెక్క ఫ్రేములు వేయండి. గోడకు, బస్తాల నెట్టుకు మధ్య మనిషి నడిచేంత సందు వదలండి. వానాకాలంలో వాయుగుండాలు, యాసంగిలో గాలిదుమారాలు వస్తాయి కనుక టార్పాలిన్ పట్టాలను ఎండలో ఎత్తిపట్టి, కింది నుంచి చూడండి. చిల్లులు వెలుతురుతో బయటపడతాయి. తాళ్లు, దబ్బనాలు, సుతిలి కూడా లెక్కపెట్టుకోండి.

6. అందరికంటే ముందు హమాలీలు

యంత్రాలెన్ని ఉన్నా సీజన్‌ను నడిపేది హమాలీల భుజాలే. వయోజన పురుష కార్మికుడు మోసే బరువు 55 కిలోలు మించితే తగ్గించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన 40 కిలోల బస్తా ఆ హద్దులోనే ఉన్నా, ఒకే మనిషి రోజంతా మోస్తే అలసట తీవ్రమవుతుంది. కూలి రేటు పని మొదలుకాకముందే మాట్లాడి, కాగితం మీద పెట్టండి. తాగునీళ్లు, నీడ, మరుగుదొడ్డి, ప్రథమ చికిత్స పెట్టె అరుగుకు దగ్గరలో ఉండాలి. ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో పనిని ఉదయం, సాయంత్రానికి మార్చండి, ఓఆర్ఎస్ ఉంచండి. దుమ్ములో ఊడ్చే ఆడవాళ్లకు మాస్కులు ఇవ్వండి. ఏ పలక ఊగుతుందో, ఏ మూల జారుతుందో హమాలీలకే బాగా తెలుసు, అడిగి రాసుకోండి.

7. ఒక లారీతో పూర్తి పరీక్ష

అన్నీ సిద్ధమయ్యాక, సీజన్‌కు వారం ముందు ఒక లారీని పిలిచి తూకం నుంచి నెట్టు దాకా నిజంగా దించించండి. ఎక్కడ ఎంత సమయం పట్టిందో, ఎక్కడ మనుషులు ఒకరికొకరు అడ్డమయ్యారో నోటుబుక్కులో రాసి, ఆ వారంలోనే సరిచేయండి. సీజన్ మొదలయ్యాక రోజూ గేటు తెరిచే ముందు పది నిమిషాలు కాంటా, పలకలు, వైర్లు, బెల్టు చూసి సంతకం పెట్టండి. ఏదైనా తేడా కనిపిస్తే పని ఆపే అధికారం అరుగు మీద ఉన్న ప్రతి మనిషికీ ఉందని మొదటి రోజే అందరి ముందు చెప్పండి, ఎవరైనా ఆపినప్పుడు ఆ మాట మీద నిలబడండి.